స్వచ్ఛంద సంస్థలో అందరికీ చోటు, అందరి మాటకీ విలువ: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా నడపాలి

ఒకసారి ఓ సంస్థ వార్షిక ప్రణాళిక సమావేశంలో రోజంతా కూర్చున్నాను. మహిళలకు నడిపే శిక్షణకి హాజరు ఎందుకు పడిపోతోందని గంటసేపు చర్చ జరిగింది. ఆసక్తి తగ్గిందా, పాఠాలు కష్టంగా ఉన్నాయా, ప్రచారం చాల్లేదా అంటూ వైట్ బోర్డు నిండా బాణం గుర్తులు గీశారు. ఆ శిక్షణని ఆరేళ్ళుగా ఊళ్ళలో తిరిగి నడిపిస్తున్నావిడ మాత్రం గది చివర, తలుపు పక్కన కుర్చీలో, ఒళ్ళో నోట్‌బుక్ పెట్టుకుని కూర్చుంది. ఆవిడని అడిగింది ఒకే ఒక్క ప్రశ్న, "పోయిన నెల ఎంతమంది వచ్చారు?" అంకె చెప్పి ఊరుకుంది. విరామంలో వరండాలో కలిసి, మీకేమనిపిస్తోందని అడిగితే ఒక్క ముక్కలో చెప్పేసింది. "మధ్యాహ్నం మూడింటికి పెట్టాం కదండీ, అది పిల్లలు బడి నుంచి ఇంటికొచ్చే టైము. ఎవరొస్తారు?"

ఆ సంస్థ వార్షిక నివేదికలో ఆవిడ ఫొటో ఉంది. సిబ్బందిలో అన్ని నేపథ్యాల వాళ్ళూ ఉన్నారని చెప్పే పేజీలోనే ఉంది. గదిలో ఆవిడకి కుర్చీ దొరికింది గానీ ఆవిడ మాటకి చోటు దొరకలేదు. వైవిధ్యం గురించి మీ సంస్థలో ఏ పని మొదలుపెట్టినా ఈ తేడాని వదలకండి. ఎవరెవరు ఉన్నారని లెక్కపెట్టుకోవడం సులువు, ఎవరు నిర్ణయిస్తున్నారని అడగడమే కష్టం, అసలు పనంతా అక్కడే ఉంది.

ముందు మూడు మాటలు తేల్చుకోండి

వైవిధ్యం అంటే రకరకాల నేపథ్యాల వాళ్ళు సంస్థలో ఉండటం. స్త్రీలు, పురుషులు, ట్రాన్స్ వ్యక్తులు, వైకల్యం ఉన్నవాళ్ళు, వేర్వేరు భాషల, మతాల, జాతుల, కులాల, వయసుల వాళ్ళు. సమన్యాయం అంటే ఎవరికి ఏది అడ్డుగా ఉందో చూసి దాన్ని తీసేయడం. అందరికీ ఒకే ఫారం ఇస్తే అది సమానత్వం, చదవలేని మనిషి పక్కన కూర్చుని ఆ ఫారం చదివి వినిపించి, చెప్పింది రాసిపెడితే అది సమన్యాయం. ఇక కలుపుకుపోవడం అంటే వచ్చిన మనిషి తనలా తను ఉండగలగడం, నోరు విప్పితే పట్టించుకునేవాళ్ళు ఉండటం. ఈ మూడింట్లో మొదటిదాని మీదే చాలా సంస్థలు శక్తంతా పెడతాయి. కొత్తవాళ్ళని తెచ్చుకుంటాయి, ఏడాది తిరక్కుండానే వాళ్ళు వెళ్ళిపోతారు, "మేం ప్రయత్నించాం, నిలవలేదు" అంటాయి. వాళ్ళు ఎందుకు నిలవలేదో ఎవరూ అడగరు.

మొదటి పని: నిర్ణయాల కాగితం

శిక్షణలూ, పోస్టర్లూ, విధాన పత్రాలూ అన్నీ తర్వాత. ముందు ఒక పెద్ద కాగితం తీసుకుని, పోయిన ఏడాది మీ సంస్థ తీసుకున్న పదిహేను నిర్ణయాలు వరసగా రాయండి. పెద్దవే కాదు, చిన్నవీ రాయాలి. ఏ కార్యక్రమం మొదలుపెట్టారు, ఏది ఆపేశారు, ఎవరిని తీసుకున్నారు, ఎవరి జీతం పెంచారు, ఏ దాత డబ్బు వద్దన్నారు, సదస్సుకి ఎవరిని పంపారు, నివేదికలో ఎవరి ఫొటో వేశారు, శిక్షణ ఎన్నింటికి పెట్టారు. ఒక్కోదానికి ఎదురుగా నాలుగు గడులు గీయండి: ఆ ఆలోచన ఎవరిది, ఎవరిని అడిగారు, ఎవరు సరే అన్నారు, ఆ నిర్ణయం దెబ్బ ఎవరికి తగిలింది.

నింపడం మొదలుపెట్టాక మూడో గడిలో అవే నాలుగైదు పేర్లు మళ్ళీ మళ్ళీ వస్తాయి. నాలుగో గడిలో ఉన్నవాళ్ళు రెండో గడిలో కూడా కనిపించరు. అప్పుడు ఆ నాలుగైదు పేర్లలో ఏం కలుస్తోందో చూడండి. ఒకే రకం చదువు, ఒకే భాష, ప్రధాన కార్యాలయంలోనే ఉద్యోగం, ఇంటి బాధ్యత తక్కువగా ఉండి సాయంత్రం ఏడు దాకా కూర్చోగలగడం, వ్యవస్థాపకులతో పాత స్నేహం. ఎవరినీ దోషులుగా నిలబెట్టడానికి కాదు ఇది. మంచి మనసుతో సంస్థ పెట్టినవాళ్ళు తమకి తెలిసినవాళ్ళతో పని మొదలుపెట్టారు, పదేళ్ళ తర్వాత కూడా అదే బృందం అన్నీ నిర్ణయిస్తోంది, అంతే. కానీ కాగితం మీద కనిపించేదాకా ఎవరికీ అది కనిపించదు. ఈ కాగితం దాచుకోండి, ఏడాది తర్వాత కావాలి.

వినండి, కానీ జాగ్రత్తగా

తర్వాత సిబ్బందినీ, వాలంటీర్లనీ, మీ కార్యక్రమాల్లోకి వచ్చేవాళ్ళనీ అడగాలి. పేరు రాయక్కర్లేని సర్వే ఒకటి, చిన్న చిన్న బృందాలతో ముఖాముఖి ఒకటి, రెండూ కావాలి. ముఖాముఖి నడిపేది డైరెక్టరో, హెచ్ఆరో అయితే కడుపులో మాట ఎవరూ చెప్పరు. బయటి మనిషిని పెట్టుకోండి. అంత డబ్బు లేకపోతే మరో సంస్థతో మాట్లాడుకుని, వాళ్ళ మనిషి మీకూ మీ మనిషి వాళ్ళకీ చేసేట్టు ఏర్పాటు చేసుకోవచ్చు.

వ్యక్తిగత వివరాలు అడిగేటప్పుడు ప్రతి ప్రశ్నకీ "చెప్పడం ఇష్టం లేదు" అన్న జవాబు ఉండాలి. ఆ వివరాలు ఎవరు చూస్తారో, ఎన్నాళ్ళు ఉంచుతారో ముందే చెప్పాలి. ఇరవై మంది ఉన్న సంస్థలో "వైకల్యం ఉన్న సిబ్బందిలో సగం మంది అసంతృప్తిగా ఉన్నారు" అని నివేదికలో రాస్తే ఆ మనుషులు ఎవరో అందరికీ తెలిసిపోతుంది, ఇంక పేరు లేని సర్వే అన్న మాటకి అర్థం లేదు. మరీ తక్కువమంది ఉన్న గుంపుల అంకెలు విడిగా బయటపెట్టకండి. వైకల్యం గురించి అడగాలంటే "మీకు వైకల్యం ఉందా?" అని సూటిగా అడిగితే చాలామంది లేదనే రాస్తారు. వైకల్యం లెక్కల మీద పనిచేసే అంతర్జాతీయ బృందం వాషింగ్టన్ గ్రూప్ వాళ్ళ ఆరు ప్రశ్నలు వాడండి. చూడటం, వినడం, నడవడం, గుర్తుంచుకోవడం, సొంత పనులు చేసుకోవడం, ఎదుటివాళ్ళకి అర్థమయ్యేలా చెప్పడం, ఈ ఆరింట్లో ఎంత ఇబ్బంది ఉందని అడుగుతాయవి. దేశాల జనాభా లెక్కల్లో వాడటానికి తయారుచేసినవి, చిన్న సంస్థకీ పనికొస్తాయి.

వచ్చిన అంకెల్ని విడివిడిగానే కాదు, కలిపి కూడా చూడాలి. 1989లో న్యాయశాస్త్ర ఆచార్యురాలు కింబర్లే క్రెన్‌షా అమెరికాలోని ఒక కేసు ఉదాహరణగా ఈ విషయం వివరించారు. కంపెనీ స్త్రీలని తీసుకుంటోంది, కానీ వాళ్ళు తెల్లవాళ్ళు. నల్లజాతివాళ్ళని తీసుకుంటోంది, కానీ వాళ్ళు మగవాళ్ళు. నల్లజాతి స్త్రీలు మాకు అన్యాయం జరిగిందంటే, స్త్రీలూ ఉన్నారు, నల్లజాతివాళ్ళూ ఉన్నారు కదా అని కోర్టు కొట్టేసింది. మీ సంస్థలో కూడా "స్త్రీలు 50 శాతం" అన్న అంకె చూసి సంతోషపడే ముందు, ఆ 50 శాతంలో ఎవరున్నారో, ఎవరు అసలు లేరో చూసుకోండి.

విన్నాక నెల రోజుల్లోపు "మీరు చెప్పింది ఇదీ, మేం చేయబోయేది ఇదీ, ఇప్పట్లో చేయలేనిది ఇదీ" అని అందరికీ తిరిగి చెప్పాలి. ఇది మానేస్తే రెండోసారి ఎవరూ నోరు విప్పరు.

రెండు మూడు లక్ష్యాలు, డబ్బు, బాధ్యుడు

ఒకేసారి ఇరవై పనులు పెట్టుకోకండి. రెండో మూడో చాలు, కానీ ఒక్కోదానికి గడువు, బడ్జెట్, జవాబు చెప్పే మనిషి పేరు ఉండాలి. బడ్జెట్లో ఒక వరస లేని లక్ష్యం మాటవరసకి పెట్టుకున్నదే. సంకేత భాష అనువాదకులకి, ర్యాంపుకి, పిల్లల్ని చూసుకునే ఏర్పాటుకి, అనువాదాలకి డబ్బు కావాలి. దాతలకి పంపే ప్రతి ప్రపోజల్లో ఆ ఖర్చు మొదటే వేయండి, తర్వాత అడిగితే రాదు.

ఆ బాధ్యతని సంస్థలో ఉన్న ఒకే ఒక్క దళిత ఉద్యోగి మీదో, ఒకే ఒక్క వైకల్యం ఉన్న ఉద్యోగి మీదో, ఒకే ఒక్క మైనారిటీ ఉద్యోగి మీదో "మీకైతే బాగా తెలుసు కదా" అని పెట్టేయడం నేను చాలా చోట్ల చూశాను. దయచేసి ఆ పని చేయకండి. రోజూ వివక్షని భరించే మనిషికే దాన్ని బాగుచేసే పని కూడా జీతం లేకుండా అప్పగించినట్టవుతుంది. వాళ్ళు ఇష్టపడి ముందుకొస్తే ఆ గంటలకి డబ్బివ్వండి, మిగతా పనిలో అంత తగ్గించండి. లక్ష్యం నెరవేరకపోతే జవాబు చెప్పాల్సింది మాత్రం పైన ఉన్నవాళ్ళే.

ఉద్యోగ ప్రకటన దగ్గర నుంచి మార్చాలి

పాత ప్రకటన ఒకటి తీసి, పెన్ను పట్టుకుని ఒక్కో వాక్యం కింద "ఇది లేకపోతే పని జరగదా?" అని రాసుకుంటూ వెళ్ళండి. "పీజీ తప్పనిసరి" అని ఉంటుంది. జరగదా? ఊళ్ళలో సంఘాలు కట్టిన పదేళ్ళ అనుభవం ఉంటే చాలదా? "సొంత బండి ఉండాలి" అని ఉంటుంది. మీకు కావలసింది బండి కాదు, వారంలో మూడు రోజులు తిరగగలిగే మనిషి, ఆ తిప్పే ఏర్పాటు సంస్థ చూసుకోవచ్చు. "ఒత్తిడిలో రాత్రింబవళ్ళు పనిచేయగల ఉత్సాహవంతులు" అంటే చంటిపిల్లలున్న తల్లి అక్కడే చదవడం ఆపేస్తుంది. జీతం మాత్రం రాసి ఉండదు. రాయండి. "పాత జీతం ఎంత?" అని అడగడం మానేయండి, ఎందుకంటే ఇదివరకు తక్కువ జీతం ఇచ్చినవాళ్ళ అన్యాయాన్ని మీరు కొనసాగించినట్టవుతుంది. డబ్బివ్వని ఇంటర్న్‌షిప్పులు చేయగలిగేది ఇంట్లో డబ్బున్నవాళ్ళే, రేపు ఆ అనుభవమే అర్హత అంటే తలుపు మిగతావాళ్ళకి మూసుకుపోతుంది.

దరఖాస్తులు చూసేటప్పుడు పేరు, ఫొటో, చిరునామా, కాలేజీ పేరు కప్పేసి చూడండి. 2004లో మరియన్ బర్ట్రాండ్, సెంధిల్ ముల్లైనాథన్ అనే ఆర్థికవేత్తలు ప్రచురించిన పరిశోధన ఉంది. బోస్టన్, చికాగో నగరాల్లోని ఉద్యోగ ప్రకటనలకి సుమారు 5,000 కల్పిత బయోడేటాలు పంపారు, అర్హతలకీ పేర్లకీ సంబంధం లేకుండా. తెల్లవాళ్ళ పేర్లలా వినిపించే పేర్లున్న వాటికి, నల్లవాళ్ళ పేర్లలా వినిపించే వాటికంటే పిలుపులు దాదాపు 50 శాతం ఎక్కువ వచ్చాయి. మార్చింది పేరు మాత్రమే.

ఇంటర్వ్యూలో అందరికీ అవే ప్రశ్నలు, అదే వరసలో. ప్రతి జవాబుకీ మార్కులు ఎవరికి వాళ్ళు వేసుకున్నాకే చర్చ మొదలవ్వాలి, లేకపోతే పెద్దాయన మొదట ఒక మాట అనేస్తారు, మిగతావాళ్ళు తలూపుతారు. "మన వాతావరణానికి సరిపోడు" అన్న మాట వాడకూడదని ముందే అనుకోండి. ఎవరైనా ఆ మాట అంటే, ఏ పనిలో, ఎలా సరిపోరని అడగండి. చాలాసార్లు జవాబు ఉండదు. ప్రశ్నలు ముందురోజే పంపితే తడబడే భయం ఉన్నవాళ్ళకీ, పరాయి భాషలో మాట్లాడాల్సినవాళ్ళకీ మేలు, మీకూ మెరుగైన జవాబులొస్తాయి.

"మరి మెరిట్ సంగతేంటి?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, కోప్పడకుండా జవాబు చెప్పండి. పేరు చూసి పిలిచే పద్ధతిలో, మాట్లాడే యాస చూసి మార్కులు వేసే పద్ధతిలో ఇప్పటిదాకా మెరిట్‌ని కొలవనే లేదు. మనం ఇప్పుడు చేస్తున్నదే కొలవడం.

జీతాలూ, ఖర్చులూ

సమాన విలువగల పనికి స్త్రీ పురుషులకి సమాన వేతనం అన్నది అంతర్జాతీయ కార్మిక సంస్థ 1951లోనే ఒప్పందంగా తెచ్చింది. మీ జీతాల పట్టిక తీసి హోదాల వారీగా పోల్చుకోండి, తేడా కనిపిస్తే సర్దండి.

దానికంటే ఎవరూ పట్టించుకోని సంగతి ఇంకోటుంది, ప్రయాణ ఖర్చులు. "ముందు మీరు పెట్టుకోండి, బిల్లులిస్తే వచ్చే నెల ఇస్తాం" అనే పద్ధతి చూడటానికి అందరికీ ఒకేలా ఉంటుంది. కానీ సంస్థలో అందరికంటే తక్కువ జీతం తీసుకునే ఫీల్డ్ కార్యకర్త ప్రతి నెలా సంస్థకి వడ్డీ లేని అప్పు ఇస్తున్నట్టు లెక్క. బిల్లు పోతే ఆ డబ్బూ పోయింది. ఆ భయంతో ప్రయాణాలకి "నాకు కుదరదండీ" అనేవాళ్ళున్నారు, వాళ్ళకి చొరవ లేదని అప్రైజల్లో రాసేవాళ్ళూ ఉన్నారు. అడ్వాన్స్ ఇవ్వండి. ఇది వారంలో మార్చగలిగిన నియమం.

అలాగే సమావేశాలకి వచ్చి తమ జీవితానుభవం చెప్పే సముదాయం వాళ్ళకి ఆ రోజు కూలి పోతుంది. కన్సల్టెంటుకి ఫీజు ఇచ్చి, వాళ్ళకి శాలువా కప్పి పంపడం న్యాయం కాదు.

సమావేశాలు

ఎన్నింటికి, ఎక్కడ, ఏ భాషలో? ఈ మూడింటితోనే సగం మంది బయట మిగిలిపోతారు. వివరాల కాగితం రెండు రోజుల ముందు, అందరికీ అర్థమయ్యే భాషలో ఇవ్వండి. ముఖ్యమైన అంశం మీద గుండ్రంగా ఒక్కొక్కరూ మాట్లాడాలి, డైరెక్టర్ చివర మాట్లాడాలి. మాట్లాడటం మొహమాటం అయితే రాసివ్వొచ్చు. ఒకరు చెప్పిన ఆలోచన కాసేపటికి మరొకరి పేరు మీద చలామణీ అయితే, "ఇది ఇందాక ఆవిడ చెప్పిందే" అని నడిపేవాళ్ళు గుర్తుచేయాలి. మినిట్స్ రాసే పని, కుర్చీలు సర్దే పని ఎప్పుడూ ఆడవాళ్ళ మీదే పడుతోందేమో చూసి వంతులు వేసుకోండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం గణనీయమైన వైకల్యం ఉన్నవాళ్ళు సుమారు 130 కోట్ల మంది, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు. "మా దగ్గర అలాంటివాళ్ళు ఎవరూ లేరు" అంటే రాలేకపోతున్నారనే ఎక్కువసార్లు అర్థం. ఒకరోజు చక్రాల కుర్చీ వాడే మనిషిని పిలిచి, గేటు నుంచి బాత్రూం దాకా మీ ఆఫీసంతా వాళ్ళతో కలిసి తిరగండి, ఆ సమయానికి డబ్బు చెల్లించి. మెట్ల పక్కన ర్యాంపు ఉన్నా బాత్రూం తలుపు ఇరుకని అప్పుడే తెలుస్తుంది. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లని స్క్రీన్ రీడర్ (చూపు లేనివాళ్ళకి తెర మీది అక్షరాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) చదవలేదు, అక్షరాలుగా ఉన్న ఫైలు పంపండి. వీడియోలకి కింద మాటలు వేయండి. వెబ్‌సైట్లో మామూలు సైజు అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉండాలన్నది అంతర్జాతీయ ప్రమాణం, దాన్ని కొలిచే ఉచిత సాధనాలు ఆన్‌లైన్లో దొరుకుతాయి.

మీరు ఎవరికోసం పనిచేస్తున్నారో వాళ్ళ చేతిలో ఏముంది?

ప్రభుత్వ విధానాల విశ్లేషకురాలు షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించారు. అడుగు మెట్లలో జనాన్ని పిలిచి తలూపించుకోవడం ఉంటుంది. మధ్యలో సమాచారం ఇవ్వడం, అభిప్రాయం అడగడం, బుజ్జగించడం. పై మూడు మెట్లలోనే వాళ్ళకి నిజమైన అధికారం ఉంటుంది. మీ కార్యక్రమం ఏ మెట్టు మీద ఉందో నిజాయితీగా చూసుకోండి. ఎక్కువ సంస్థలు "అభిప్రాయం అడగడం" దగ్గర ఆగిపోతాయి. ఒక మెట్టు పైకెక్కాలంటే చిన్నగానే మొదలుపెట్టండి. కార్యక్రమం బడ్జెట్లో కొంత భాగం ఎలా ఖర్చు పెట్టాలో సముదాయం వాళ్ళ కమిటీయే తేల్చాలి, మీరు లెక్క మాత్రం చూడాలి. వాళ్ళ నిర్ణయం మీకు నచ్చకపోయినా కాళ్ళు అడ్డం పెట్టకూడదు, అక్కడే తెలుస్తుంది మీరు నిజంగా ఇచ్చారా లేదా అన్నది.

ఫొటోల సంగతి. కన్నీళ్ళు పెట్టుకున్న మొహం వేస్తే విరాళాలు వస్తాయని అందరికీ తెలుసు. ఆ ఫొటో ఎక్కడెక్కడ వాడతారో వాళ్ళ భాషలో చెప్పారా? వద్దంటే సాయం ఆగిపోదని చెప్పారా? అచ్చయ్యే ముందు చూపించారా? మూడింటికీ అవునని చెప్పగలిగితేనే వేయండి.

బోర్డు

అన్నిటికంటే ఆలస్యంగా మారేది బోర్డే. పదవికి గడువు పెట్టకపోతే ఖాళీ రాదు, ఖాళీ రాకపోతే కొత్తవాళ్ళు రారు, కాబట్టి ముందు నిబంధనావళిలో గడువు పెట్టండి. కొత్త నేపథ్యం నుంచి ఒక్కరినే తీసుకోకండి, కనీసం ఇద్దరు ముగ్గురు ఉండాలి. ఒక్కరే అయితే ఆ మనిషి ఏం మాట్లాడినా తన వర్గం మొత్తం తరఫున మాట్లాడినట్టే చూస్తారు, ఆ బరువుకి చాలామంది మౌనంగా ఉండిపోతారు. 1977లోనే సామాజిక శాస్త్రవేత్త రోజాబెత్ మాస్ కాంటర్ దీన్ని వివరంగా చూపించారు. వచ్చినవాళ్ళకి బ్యాలెన్స్ షీటు చదవడం నేర్పండి, ప్రతి అంశం వెనక ఉన్న పాత కథ చెప్పండి. మిగతావాళ్ళందరికీ ఫోన్లలో తెలిసిపోయిన సంగతి ఒక్కరికే సమావేశంలో తెలిస్తే వాళ్ళు ఎలా మాట్లాడతారు?

శిక్షణ: ఎంతవరకు?

ఒకరోజు వర్క్‌షాపు పెట్టి పని అయిపోయిందనుకునేవాళ్ళే ఎక్కువ. సామాజిక శాస్త్రవేత్తలు ఫ్రాంక్ డాబిన్, అలెగ్జాండ్రా కాలెవ్ అమెరికాలోని 800కి పైగా సంస్థల మూడు దశాబ్దాల సమాచారం పరిశీలించారు. తప్పనిసరి చేసిన వైవిధ్య శిక్షణల తర్వాత మేనేజర్ స్థాయిలో పెద్దగా మార్పు రాలేదు, కొన్ని వర్గాల వాళ్ళ సంఖ్య తగ్గింది కూడా. బలవంతం చేస్తే మనుషులు మొండికేస్తారు. ఇష్టంతో వచ్చే శిక్షణ, కొత్తవాళ్ళకి పాతవాళ్ళు అండగా ఉండే మెంటరింగ్, అంకెలు చూసి ప్రశ్నలడిగే కమిటీ మెరుగ్గా పనిచేశాయి. కాబట్టి శిక్షణ వద్దనను, నిర్ణయాలు మార్చే పని పక్కన పెట్టి శిక్షణ ఒక్కటే చేయకండి అంటాను.

ఫిర్యాదు చేస్తే ఏమవుతుంది?

వేధింపులు, అవమానాలు మంచి పని చేసే సంస్థల్లోనూ జరుగుతాయి, "మనమంతా ఒక కుటుంబం" అనే చోట బయటికి రావడం ఇంకా కష్టం. ఫిర్యాదు తీసుకోవడానికి కనీసం రెండు దారులుండాలి, అందులో ఒకటి డైరెక్టర్ చేతిలోకి వెళ్ళకూడదు, ఎందుకంటే ఫిర్యాదు ఆయన మీదే కావచ్చు. ఎన్ని రోజుల్లో ఏం జరుగుతుందో రాసిపెట్టండి. వాలంటీర్లనీ, ఇంటర్న్‌లనీ వదిలేయకండి. పని ప్రదేశంలో హింస, వేధింపుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో తెచ్చిన 190వ ఒప్పందం వాళ్ళకీ, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినవాళ్ళకీ కూడా రక్షణ ఉండాలంటుంది. మీ దేశ చట్టం ఏం చెబుతుందో చూసుకుని దానికి తగ్గట్టు రాసుకోండి.

ఏడాది తర్వాత

ఎంతమందిని చేర్చుకున్నామన్న లెక్కతో పాటు, ఎవరు వెళ్ళిపోయారో, ఎన్నాళ్ళకి వెళ్ళారో చూడండి. వెళ్ళేవాళ్ళతో చివరి రోజున కాకుండా రెండు మూడు నెలల తర్వాత బయటి మనిషి చేత మాట్లాడించండి, అప్పుడు సర్టిఫికెట్ల టెన్షన్ ఉండదు, నిజం చెబుతారు. ప్రమోషన్ ఎవరికి వచ్చింది, ఎవరు ఏళ్ళ తరబడి అదే కుర్చీలో ఉన్నారు, ఇవి కూడా రాసుకోండి.

ఆ తర్వాత పాత నిర్ణయాల కాగితం బయటికి తీసి, పక్కన కొత్తది ఒకటి పెట్టి, ఈ ఏడాది తీసుకున్న పదిహేను నిర్ణయాలు రాయండి. ఈసారి నింపేటప్పుడు ఫీల్డ్ వాళ్ళనీ, సముదాయం వాళ్ళనీ కూడా కూర్చోబెట్టుకోండి, పెన్ను వాళ్ళ చేతికే ఇవ్వండి. శిక్షణ ఎన్నింటికి పెట్టాలన్న వరసకి వచ్చాక, మూడో గడిలో ఎవరి పేరు రాస్తారో చూడండి.